పిల్లల డాక్టరుకు ఉత్తరాలు: కాళ్ళు వెచ్చబడేదాకా

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది వింజమూరు దగ్గర పల్లె. ఈ మధ్యే హౌస్ సర్జన్సీ పూర్తయింది. పీజీలో పిల్లల విభాగం తీసుకుని, మళ్ళీ మా వైపే వచ్చి ప్రాక్టీసు పెట్టాలని నా కోరిక. ఇంట్లో ఒప్పుకోవడం లేదు. "ఇంత చదివించింది తిరిగొచ్చి ఈ ఎండల్లో కూర్చోడానికా? రేడియాలజీ తీసుకో, లేదంటే చర్మాల డాక్టరవ్వు" అంటున్నారు నాన్న. పల్లెలో పిల్లల డాక్టరంటే రాత్రీ పగలూ టెన్షనే అని సీనియర్లు భయపెడుతున్నారు. మీరు ఇరవై ఆరేళ్ళుగా కనిగిరిలో ఉన్నారు కదా, ఉన్నదున్నట్టు చెప్పండి.
— ఒక కొత్త డాక్టరు, నెల్లూరు జిల్లా

జవాబు: నా కూతురి వయసుదానివి, నువ్వనే అంటాను. ఉన్నదున్నట్టే చెప్తాను తల్లీ. ముందు టెన్షన్ సంగతి. మీ సీనియర్లు అబద్ధం చెప్పలేదు. పెద్దవాళ్ళయితే ఎక్కడ నొప్పో, ఎప్పటినుంచో చెప్తారు. పసిబిడ్డ చెప్పదు. పొద్దున ఆడుకుంటున్న బిడ్డ సాయంత్రానికి మెడ వాల్చేస్తుంది. ఆ బిడ్డే, సరైన సమయానికి సరైన మందు పడితే, మర్నాడు పొద్దున్నే మంచం దిగి నా స్టెతస్కోపు లాగుతుంది. జబ్బు ముదరడమూ తొందరే, తేరుకోవడమూ తొందరే. మన వైపు దీనికి తోడు దూరం. కనిగిరి నుంచి ఒంగోలు సుమారు ఎనభై కిలోమీటర్లు. మా దగ్గరికి వచ్చే పల్లెల వాళ్ళు అప్పటికే ఒక గంట ప్రయాణం చేసి ఉంటారు. మన పిల్లల ప్రాణం పోయేది జబ్బు వల్లే కాదు, దారిలో ఆలస్యం వల్ల కూడా.

ఇది నాకు పుస్తకం నేర్పలేదు. క్లినిక్ పెట్టిన మొదటి ఏడాది, పామూరు వైపు పల్లె నుంచి ఏడేళ్ళ పిల్లాణ్ణి తెచ్చారు. గేదెలకు మేత వేద్దామని చొప్పవామి లాగుతుంటే తేలు కుట్టింది. బొటనవేలి పక్కన చిన్న ఎర్రటి మచ్చ, అంతే. వాంతి ఒకటయిందని వాళ్ళమ్మ చెప్పింది. నేను ఆ మాట విన్నాను గానీ పట్టించుకోలేదు. కుట్టిన చోట మత్తు ఇంజెక్షన్ వేశాను, ఏడుపు తగ్గింది, ఇంటికి పంపేశాను. మూడు గంటల్లో తిరిగి తెచ్చారు. ఒళ్ళంతా చెమట. పాదాలు పట్టుకుంటే కుండలో నీళ్ళంత చల్లగా ఉన్నాయి. ఆయాసం, నోట్లో నురగ. కారు మాట్లాడి ఒంగోలు పంపించాను. పొదిలి దాటకముందే పిల్లాడు పోయాడు. వాళ్ళ నాన్న వారం తర్వాత వచ్చి, ఆ రోజు ఇవ్వాల్సిన ఫీజు బల్ల మీద పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయాడు. ఆ డబ్బు నేను ఇప్పటికీ ఖర్చు పెట్టలేదు.

ఆ తర్వాతే మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్ళో పని చేసే డాక్టరు హిమ్మత్‌రావ్ బావస్కర్ గారి పరిశోధనలు వెతికి చదివాను. ఎర్ర తేలు విషం ఒంట్లో అడ్రినలిన్ లాంటి హార్మోన్లను ఒక్కసారిగా వదిలిస్తుంది. రక్తనాళాలు బిగుసుకుపోతాయి, గుండె మీద మోయలేనంత భారం పడుతుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ప్రాజోసిన్ అని బీపీకి వాడే పాత మాత్ర ఒకటుంది. ఆ బిగువును సడలించడానికి దాన్ని వాడవచ్చని ఆయన 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. పెద్ద ఆసుపత్రి కాదు, పెద్ద ల్యాబు కాదు. తన దగ్గరికి వచ్చే పల్లె రోగుల పక్కన రాత్రంతా కూర్చుని, గంట గంటకీ రాసుకుని కనిపెట్టిన సంగతి అది. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద బహుమతి, ఎక్కడో కనిగిరిలో నా సొరుగులో ఆ మాత్రలు ఉండటం.

ఇప్పుడు తేలు కుట్టిన బిడ్డ వస్తే మేం ముందు చూసేది కుట్టిన చోటు కాదు. వాంతి, చెమట, చల్లబడిన కాళ్ళూ చేతులూ. వీటిలో ఏది కనిపించినా బరువుకు లెక్క కట్టి మాత్ర వేసి పడుకోబెడతాం. లేపి కూర్చోబెట్టకూడదు, బీపీ పడిపోతుంది. ఆపైన చేయాల్సింది పక్కన కూర్చోవడమే. నేను బిడ్డ బొటనవేలు నా రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటాను. ఒక గంట చల్లగానే ఉంటుంది. రెండో గంటకి అరికాలు కొద్దిగా, తర్వాత మడమ, ఆ తర్వాత వేళ్ళు. మూడు గంటలకోసారి మళ్ళీ మాత్ర వేస్తూ, కాళ్ళు వెచ్చబడేదాకా ఆ పాదం వదలను. మా నర్సు అమ్మణ్ణి కూడా నేర్చుకుంది. "మేడం, వేలు వెచ్చగయింది" అని గట్టిగా చెప్తుంది, వరండాలో ఉన్న బంధువులంతా వినేట్టు. (ఇంకో మాట. పెద్దగా నల్లగా కనిపించే మండ్రగబ్బను చూసి జనం హడలిపోతారు, గోడ పగుళ్ళలో ఉండే చిన్న ఎర్ర తేలును తేలిగ్గా తీసుకుంటారు. చిన్నపిల్లలకు ప్రమాదం ఆ ఎర్రదానితోనే.)

నీ ప్రశ్నకు అసలు జవాబు ఇదేనమ్మా. ఒంగోల్లోనో నెల్లూరులోనో నీకన్నా తెలివైన డాక్టర్లుంటారు, మంచి యంత్రాలుంటాయి. కానీ ఆ పిల్లాడికి ఆ మూడు గంటల్లో పక్కన మనిషి కావాలి. ఆ మనిషివి నువ్వు కావాలనుకుంటే ఈ దారి నీదే.

ఇక నాన్నగారి మాట. డబ్బు విషయంలో ఆయన అన్నది తప్పు కాదు. నేను వంద రూపాయలు తీసుకుంటాను, రెండోసారికి తీసుకోను. నా బ్యాచ్‌మేట్లు కట్టినలాంటి ఇళ్ళు నేను కట్టలేదు. అయినా పిల్లలిద్దరినీ చదివించాను, అప్పు లేదు. కందులో, గుమ్మడికాయో, సంచీడు సజ్జలో తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వద్దంటే బాధపడతారు, తీసుకుంటాను. ప్రైవేటు ప్రాక్టీసుకు ధైర్యం చాలకపోతే సర్కారు దారి ఉంది. సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో (సీహెచ్‌సీల్లో), ఏరియా ఆసుపత్రుల్లో పిల్లల డాక్టరు పోస్టులుంటాయి. ముందు పీహెచ్‌సీలో చేరితే, సర్కారు ఉద్యోగంలో ఉన్న డాక్టర్లకిచ్చే ఇన్-సర్వీస్ కోటాలో పీజీ చేసే వీలు మన రాష్ట్రంలో ఉంది. ఎండీకి మూడేళ్ళు, దానికి సమానమైన డీఎన్‌బీకీ అంతే. రెండేళ్ళ డిప్లొమా కూడా ఉంది. నన్నడిగితే మూడేళ్ళు చెయ్యి. పట్నంలో అయితే పక్క గదిలో ఇంకో డాక్టరుంటాడు, మన దగ్గర ఉండడు. ఆ మూడో ఏడాదే నీకు తోడు.

పీజీ చేస్తున్నప్పుడు మూడు పనుల్లో చెయ్యి బాగా తిప్పుకో. నెలలు నిండని బిడ్డ చేతికి సూది పెట్టడం, పుట్టగానే ఏడవని బిడ్డకు బ్యాగుతో ఊపిరి పోయడం, పాముకాటు. పాముకాటుకు పిల్లలక్కూడా పెద్దవాళ్ళతో సమానమైన మోతాదులో విరుగుడు వెయ్యాలి. విషం బిడ్డ బరువు చూసి తగ్గదు. ఇది తెలియక సగం డోసు వేసి పంపిన కేసులు నా దగ్గరికి వచ్చాయి.

పెళ్ళి గురించి నువ్వు అడగలేదు గానీ, ఉత్తరంలో గీసి కొట్టేసిన వాక్యం ఒకటి కనిపించింది. మా ఆయన కాలేజీ లెక్చరర్. రాత్రి రెండింటికి తలుపు కొడితే ముందు లేచేది ఆయనే, లైటు వేసేదీ ఆయనే. అలాంటి మనిషి దొరికితేనే చేసుకో. ఈ విషయంలో మొహమాటపడొద్దు.

దిలీప్ మహలనాబిస్ గారి గురించి కూడా నాన్నకు చెప్పు. ఆయనా పిల్లల వైద్యం చదివినవారే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు బెంగాల్ సరిహద్దులో బంగావ్ శరణార్థుల శిబిరంలో కలరా. ఆసుపత్రి నేలంతా రోగులే, సెలైన్ సీసాలు అయిపోయాయి. ఆయన ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పోయించి, తాగించే పని రోగుల బంధువులకే అప్పజెప్పారు. చావులు నూటికి ముప్పై దాకా ఉన్నవి నాలుగుకు లోపు దిగాయి. అదే ఇప్పుడు అంగన్‌వాడీలో ఊరికే ఇచ్చే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు. మా క్లినిక్కుకి బేదులతో వచ్చే ప్రతి తల్లి చేతా, నా కళ్ళ ముందే లీటరు నీళ్ళలో ప్యాకెట్టు మొత్తం కలిపిస్తాను. చాలామంది గ్లాసు నీళ్ళలో కాస్త వేసి, మిగతాది మడిచి దాచిపెడతారు. చెప్తే సరిపోదు, వాళ్ళ చేత్తో ఒకసారి కలపాలి. జింకు మాత్ర పద్నాలుగు రోజులు వెయ్యాలి, బేదులు మూడో రోజుకే ఆగినా సరే.

ఒకసారి వచ్చి నాతో ఒక వారం కూర్చో. నాన్నను కూడా తీసుకురా.

ప్రశ్న: మా మనవడికి తొమ్మిదేళ్ళు. కొత్తగా వచ్చిన ముందు పళ్ళ మీద గోధుమరంగు గీతలు. బడిలో ఎగతాళి చేస్తున్నారని నోరు తెరిచి నవ్వడం మానేశాడు. నా పళ్ళూ అంతే, వాళ్ళ నాన్నవీ అంతే. ఇది మా వంశంలో ఉందా? మందు ఉందా?
— ఒక తాతయ్య, పొదిలి మండలం

జవాబు: వంశంలో లేదు తాతగారూ, బోరు నీళ్ళలో ఉంది. మీ ముగ్గురూ తాగింది ఒకే ఊరి నీళ్ళు. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు గురించి మొదట రాసిందే మన ప్రాంతం చూసి. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు బిగుసుకుపోయిన మనుషుల్ని పరీక్షించి ఆ సంగతి ప్రకటించారు. అప్పుడు కనిగిరి, పొదిలి అన్నీ నెల్లూరు జిల్లానే. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కదా. అంటే మీ నాన్నగారి కాలం నుంచీ తెలిసిన జబ్బు ఇది. మీ మనవడి పళ్ళ మీద ఇంకా కనిపిస్తోందంటే నాకు కోపం వస్తుంది, దాచుకోను.

పాలపళ్ళు ఊడాక వచ్చే పక్కా పళ్ళు చిగురు లోపల తయారయ్యే వయసులోనే, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపే, ఈ మచ్చ పడుతుంది. పడ్డాక మందుతో పోదు. పెద్దయ్యాక పళ్ళ డాక్టరు పైన పూత వేసి కప్పగలరు. ఇప్పుడు చూసుకోవాల్సింది ఎముకలు. వంటకూ, తాగడానికీ రెంటికీ మంచి నీళ్ళే వాడండి. చాలా ఇళ్ళలో తాగేది క్యాన్ నీళ్ళు, అన్నం వండేది బోరు నీళ్ళు. ఆ అన్నంలోంచి ఫ్లోరైడ్ లోపలికి పోతూనే ఉంటుంది. కాచితే పోతుందనుకోవడం ఇంకా తప్పు, నీళ్ళు ఆవిరై మిగిలినవాటిలో ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, మరీ గతిలేకపోతే ఒకటిన్నర. మీ బోరు ఎంతుందో గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్ళ చేత పరీక్ష చేయించండి. ఆ కాగితం ఉంటే పంచాయతీలో అడగడానికి మీకు బలం. పిల్లాడికి టీ మానిపించండి, తేయాకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. పాలు, రాగిజావ, జామకాయ పెట్టండి. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఈ జాగ్రత్తలు ముందు ఆ బిడ్డకు మొదలుపెట్టండి.

ఎగతాళి సంగతి: వాళ్ళ హెడ్‌మాస్టరు గారికి నేనే ఒక ఉత్తరం రాస్తాను. బడి పేరు పంపండి.

ప్రశ్న: నేను అంగన్‌వాడీ టీచర్ని. జలుబూ దగ్గూ ఉన్న పిల్లల్ని తల్లులు నా దగ్గరికి తెస్తారు. ఎవర్ని ఇంట్లో ఉంచమనాలో, ఎవర్ని ఆసుపత్రికి పంపాలో తెలియక భయంగా ఉంటుంది. పంపితే "ఊరికే ఖర్చు పెట్టించావు" అంటారు. పంపకపోతే నాకు నిద్ర పట్టదు.
— పామూరు మండలం

జవాబు: ఆ నిద్ర పట్టకపోవడం మంచి టీచరు లక్షణం అమ్మా. మీ చేతిలో ఒక పరీక్ష పెడతాను. స్టెతస్కోపు అక్కర్లేదు, మీ ఫోన్లో సెకన్లు చూపించే గడియారం చాలు.

బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు చూడొద్దు. తల్లి ఒడిలో నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా రొమ్ము పైకి ఎత్తమనండి. ఫోను బిడ్డ పొట్ట పక్కనే పట్టుకోండి, పొట్టా అంకెలూ ఒకే చూపులో కనపడాలి. పొట్ట లేచి పడితే ఒకటి. పూర్తి నిమిషం లెక్కపెట్టండి. సగం నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయొద్దు. పసిబిడ్డలు కాసేపు గబగబా తీసి, కాసేపు ఆగి తీస్తారు, లెక్క తప్పుతుంది. రెండు నెలల లోపు బిడ్డకు అరవై, ఏడాది లోపు యాభై, ఐదేళ్ళ లోపు నలభై. అంతకు చేరినా, దాటినా పంపండి. లెక్క ఎంతయినా సరే, ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతుంటే, అదే మన వాళ్ళు డొక్కలు ఎగరేయడం అంటారే అది, వెంటనే 108 పిలవండి. పాలు తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా అంతే.

డొక్కలు ఎగరేస్తోందని పొట్ట మీద వాతలు పెట్టించడం మన పల్లెల్లో పూర్తిగా పోలేదు. పోయిన చలికాలం కూడా ఒక బిడ్డను చూశాను, నాలుగు నెలలది, బొడ్డు చుట్టూ ఐదు వాతలు. ఆ అవ్వను నేను తిట్టలేదు. తన బిడ్డలకూ అలాగే చేసింది, బతికినవాళ్ళను చూసి నమ్మింది. ఆమె చేతికి నా ఫోనిచ్చి, ఆమె చేతే ఊపిరి లెక్కపెట్టించాను. అరవై ఎనిమిది. "ఇది యాభై లోపుకు దిగేదాకా మందు వేస్తాం అవ్వా" అన్నాను. మూడు రోజులు ఆమే లెక్కపెట్టి నాకు చెప్పింది. ఇప్పుడు వాళ్ళ వీధిలో బిడ్డకు దగ్గొస్తే ముందు పిలిచేది ఆమెనే. మీ ఊళ్ళోనూ అలాంటి అవ్వ ఒకరుంటారు, ముందు ఆమెకు నేర్పండి. "ఊరికే ఖర్చు" అనే తల్లికి అంకె చెప్పండి. అంకెతో ఎవరూ వాదించరు.

ప్రశ్న: నా మనవరాలి చేత రాయిస్తున్నాను. కోడలూ కొడుకూ బేల్దారి పనికి బెంగుళూరు పోయారు. రెండేళ్ళ చిన్నది నా దగ్గరే ఉంది. అన్నం ముట్టదు, చేతులు పుల్లలయ్యాయి. పక్షి దోషం అని తాయెత్తు కట్టించాను. తగ్గలేదు.
— ఒక నాయనమ్మ, కనిగిరి మండలం

జవాబు: అవ్వా, తాయెత్తు ఉండనీ, నేను విప్పమనను. అయితే రేపే అంగన్‌వాడీకి తీసుకెళ్ళి జబ్బకు కొలత టేపు పెట్టించు. మూడు రంగులుంటాయి. ఎరుపు చూపిస్తే, అంటే పదకొండున్నర సెంటీమీటర్ల కంటే సన్నగా ఉంటే, ఆ రోజే ఆసుపత్రికి రావాలి. పసుపు అయితే ఈ వారంలో రా.

ఈలోపు పెద్దవాళ్ళ కంచంలో పక్కన కూర్చోబెట్టి తినమనొద్దు, దానికి చిన్న గిన్నె వేరే పెట్టు. పప్పన్నంలో చెంచాడు నెయ్యి, లేకపోతే వేరుశనగ నూనె. రోజుకు ఐదుసార్లు, ప్రతిసారీ కొంచెమే. అంగన్‌వాడీ వాళ్ళిచ్చే గుడ్డూ బాలామృతమూ ఇంట్లో అందరూ పంచుకోకుండా దానికే పెట్టు. వాళ్ళమ్మ ఊరెళ్ళిన దిగులు కూడా ఉంటుంది. రాత్రి అన్నం వేళకు ఫోను చేసి అమ్మ చేత మాట్లాడించు, ఆ మాటలు వింటుండగా ముద్ద పెట్టు.

వచ్చేటప్పుడు టీకాల కార్డు మర్చిపోకు. ఉత్తరం రాసిన పెద్ద మనవరాల్ని కూడా తీసుకురా, చేతిరాత చాలా బాగుంది.